పుర్రెతో పుట్టిన బుద్ధేనా?

ప్రశ్న: నేను ఉపాధ్యాయినిగా పదవీ విరమణ చేశాను. మా అమ్మాయి రెండో కాన్పుకు పుట్టింటికి వచ్చి ఇక్కడే ఉంది. చంటిపాపకు మూడో నెల. చెల్లెలిని ఎవరు ఎత్తుకున్నా నాలుగేళ్ళ పెద్దవాడు ముఖం మాడ్చుకుంటున్నాడు, ఎవరూ చూడకుండా రెండుసార్లు గిల్లాడు కూడా. మా అల్లుడుగారికి పాశ్చాత్య తత్త్వశాస్త్రం చదవడం ఇష్టం. మనిషి పుట్టుకతోనే స్వార్థపరుడని, ఈ సంగతి అగస్టీన్ ఎప్పుడో చెప్పాడని, మొక్కగా ఉన్నప్పుడే వంచకపోతే వీడు చెయ్యి దాటిపోతాడని ఆయన అంటారు. ఒకసారి వాడిమీద చెయ్యి కూడా చేసుకున్నారు. పిల్లలూ దేవుడూ ఒకటేనని, లోకమే వాళ్ళను చెడగొడుతుందని మా అమ్మాయి వాదన. మధ్యయుగాల తత్త్వవేత్తలు నిజంగా అలా చెప్పారా? చెప్పి ఉంటే నేటికీ ఆ మాటకు విలువ ఉందా? ఇద్దరికీ నేనేం చెప్పాలి?

సమాధానం: టీచరుగారికి నమస్కారం.

మీ అల్లుడుగారు అగస్టీన్ పేరు ఊరికే ఎత్తలేదు. మీ ఇంట్లో జరుగుతున్న సంగతినే ఆయన దాదాపు ఇదే రూపంలో రాసిపెట్టాడు. ఇప్పటి అల్జీరియాలోని థగాస్తె అనే ఊళ్ళో 354లో పుట్టి, హిప్పో పట్టణానికి బిషప్పుగా ఉంటూ 430లో మరణించిన అగస్టీన్, నలభై ఏళ్ళు దాటాక తన జీవితాన్నంతా దేవుడి ముందు విప్పి చెప్పుకుంటున్నట్టుగా ‘కన్ఫెషన్స్’ రాశాడు. దాని మొదటి భాగంలో, ఇంకా మాటలు రాని ఒక పసివాడు తనతో పాటు అదే రొమ్ము పాలు తాగే మరో బిడ్డను చూసి ముఖం పాలిపోయి, కళ్ళలో విషం నింపుకొని చూడడం తాను కళ్ళారా చూశానంటాడు. పాలు ధారగా వస్తున్నాయి, ఇద్దరికీ సరిపోతాయి, ఆ రెండో బిడ్డకు అవి తప్ప వేరే ఆధారం లేదు, అయినా వీడు ఓర్వలేకపోతున్నాడే, దీన్ని అమాయకత్వం అనగలమా అని అడుగుతాడు. పసివాళ్ళు హాని చెయ్యకపోవడానికి కారణం కాళ్ళూ చేతులూ బలహీనంగా ఉండడమే గాని మనసు నిర్దోషంగా ఉండడం కాదని తేలుస్తాడు. అక్కడే ఇంకో ముచ్చటైన మాట కూడా ఉంది. తల్లులూ దాదులూ ఇలాంటి గుణాలను ఏవో చిట్కాలతో పోగొడతామంటారట, ఆ చిట్కాలేమిటో తనకు తెలియదట. వాళ్ళను అడిగి తెలుసుకొని ఆ చిట్కాలు కూడా రాసిపెట్టి ఉంటే తరువాతి వెయ్యేళ్ళ యూరప్ పిల్లలకు కొంత మేలు జరిగేదని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

అంటే అగస్టీన్ చూపు నిజమైనదే. ఆ అసూయ ఉంది. మీ మనవడిలోనూ ఉంది. మీరు అల్లుడుగారితో వాదించవలసింది ఆ చూపు గురించి కాదు, దాని మీద అగస్టీన్ లేపిన గోడ గురించి. చరిత్రకారుల లెక్క ప్రకారం ఆయన ప్రాచీన యుగపు చివరివాడే అయినా పశ్చిమ యూరప్ మధ్యయుగమంతా ఆయన వేసిన పునాది మీదే నిలబడింది కాబట్టి ఆ గోడ ఎలా లేచిందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

బ్రిటన్ నుంచి రోముకు వచ్చిన పెలేజియస్ అనే సన్యాసి, చెయ్యలేని పనిని చెయ్యమని దేవుడు ఆజ్ఞాపించడు కదా అని వాదించాడు. అతని లెక్కలో బిడ్డ ఏ మచ్చా లేకుండా పుడుతుంది. బైబిలు చెప్పే మొదటి మానవుడు ఆదాము చేసిన పాపం మనకు రక్తంలో రాదు, చూసి నేర్చుకోవడం వల్ల, అలవాటు వల్ల మాత్రమే అంటుకుంటుంది. పాప క్షమాపణ కోసమే కదా బాప్తిస్మం, మరి పాపమే లేకపోతే పసిబిడ్డలకు బాప్తిస్మం ఎందుకిస్తున్నామని అగస్టీన్ ఎదురుప్రశ్న వేశాడు. బైబిల్లో రోమీయులకు పౌలు రాసిన పత్రిక (అంటే ఉత్తరం) అయిదో అధ్యాయంలోని ఒక వాక్యం దగ్గర, గ్రీకు మూలంలో ‘అందరూ పాపం చేసినందువల్ల’ అనే అర్థం వచ్చే చోట, ఆయన చదివిన లాటిన్ అనువాదంలో ‘అతనిలో అందరూ పాపం చేశారు’ అనే అర్థం పలికింది. ఆయన దాన్నే పట్టుకొని, ఆదాములోనే అందరూ పాపం చేశారు కాబట్టి ప్రతి బిడ్డా ఆ పాపంతోనే పుడుతుందన్నాడు. జన్మపాపం అంటే ఇదే. ఒక విభక్తి మీద ఇంత బరువు పెట్టవచ్చునా అని మన వ్యాకరణ పండితులైతే తప్పక అడిగేవారు. 418లో కార్తేజ్ సభ పెలేజియస్ వాదాన్ని ఖండించింది. బాప్తిస్మం పొందకుండా చనిపోయిన పసికందులకు కూడా శిక్ష తప్పదని, కాకపోతే అది అన్నిటికన్నా తేలికైనదిగా ఉంటుందని అగస్టీన్ రాశాడు. ఎక్లానం బిషప్పు జూలియన్ మాత్రం ఊరుకోలేదు, పసివాళ్ళను శిక్షించే దేవుడు న్యాయమూర్తి ఎలా అవుతాడని చివరిదాకా నిలదీశాడు. అగస్టీన్ చనిపోయేనాటికి అసంపూర్తిగా మిగిలిపోయిన గ్రంథం ఆ జూలియన్‌కు రాస్తున్న జవాబే.

ఇంత చెప్పినా, ‘ఇప్పుడే వంచాలి’ అన్న మాటను మధ్యయుగాల నెత్తిన వెయ్యడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఆ మాటకు అసలు గొంతు తరువాతి కాలంలో వచ్చింది. అగస్టీన్ పేరిట ఉన్న సన్యాసుల సంఘంలోనే పెరిగిన ప్రొటెస్టెంటు సంస్కర్త లూథర్, అతని తరువాత అదే దారిలో కాల్విన్, అగస్టీన్ మాటల్లోని చేదును మరింత చిక్కగా కాచారు. పసివాళ్ళ స్వభావమంతా పాపబీజమేనని కాల్విన్ రాశాడు. మెథడిస్టు ఉద్యమాన్ని ప్రారంభించిన జాన్ వెస్లీకి అతని తల్లి సుసానా 1732లో రాసిన ఉత్తరం ఒకటుంది. పిల్లల మనసును తీర్చిదిద్దాలంటే ముందుగా వాళ్ళ పంతాన్ని జయించాలని, తన పిల్లలు ఏడాది నిండేసరికే, కొందరు అంతకన్నా ముందే, బెత్తానికి భయపడడమూ చప్పుడు కాకుండా ఏడవడమూ నేర్చుకున్నారని ఆమె అందులో చెప్పుకుంది. చప్పుడు కాకుండా ఏడవడం నేర్చుకున్న ఏడాది బిడ్డను ఒక్కసారి ఊహించుకోమని అల్లుడుగారితో అనండి. ఆయన మాట్లాడుతున్నది పద్దెనిమిదో శతాబ్దపు భాష.

పన్నెండో శతాబ్దానికి ముందే, అల్లుడుగారు వాడిన మొక్క సామెతకు మధ్యయుగమే ఒక జవాబు ఇచ్చింది. నార్మండీలోని బెక్ మఠంలో ఉండి, తరువాత కాంటర్‌బరీకి ఆర్చిబిషప్పు అయిన ఆన్సెల్మ్ (1033–1109) జీవితాన్ని అతని శిష్యుడు ఎడ్మర్ అనే సన్యాసి రాశాడు. ఒకసారి వేరే మఠాధిపతి ఒకరు ఆన్సెల్మ్ దగ్గర తన గోడు చెప్పుకున్నాడట. మఠంలో పెరుగుతున్న పిల్లలను రాత్రనక పగలనక కొడుతూనే ఉన్నామని, అయినా నానాటికీ చెడిపోతూనే ఉన్నారని వాపోయాడట. దానికి ఆన్సెల్మ్, నీ తోటలో ఒక మొక్క నాటి, కొమ్మ చాచుకోవడానికి వీల్లేకుండా నలువైపులా బిగించి కొన్నేళ్ళ తరువాత విప్పితే ఎలాంటి చెట్టు వస్తుందని అడిగాడు. వంకర్లు తిరిగి, కొమ్మలు పెనవేసుకుపోయిన పనికిమాలిన చెట్టు వస్తుందని అతను ఒప్పుకున్నాడు. మీ పిల్లల విషయంలో మీరు చేసింది అదేనని, బెదిరింపులతో దెబ్బలతో వాళ్ళను అన్ని వైపులా బిగించేసరికి లోపల పెరిగిన ఆలోచనలన్నీ ముళ్ళలా మెలితిరిగాయని ఆన్సెల్మ్ చెప్పాడు. అంతటితో ఊరుకోక, బంగారు రేకుతో బొమ్మ చేసే కంసాలి ఉత్త సుత్తి దెబ్బలతోనే చేస్తాడా, మెత్తగా నొక్కుతూ, నేర్పుగా పైకెత్తుతూ రూపం తెప్పించడూ అని కూడా అడిగాడు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెతను మనవాళ్ళు వంచడం గురించి చెప్పారే గాని బిగించడం గురించి చెప్పలేదు.

ఆన్సెల్మ్‌ను ఉత్త దయగల మనిషిగా చూసి వదిలెయ్యకూడదు, ఆ దయ వెనక గట్టి తర్కం ఉంది. సాతాను పతనం గురించి రాసిన గ్రంథంలో ఆయన ఒక ఊహ చేస్తాడు. దేవుడు ఒక దేవదూతను సృష్టిస్తూ, తన మేలు తాను కోరుకునే ఇచ్ఛను మాత్రమే అతనికి ఇచ్చాడనుకుందాం. అతను ఆ మేలు కోసం ఏం చేసినా అతన్ని న్యాయవంతుడనీ అనలేం, అన్యాయపరుడనీ అనలేం. న్యాయాన్ని కోరుకునే రెండో ఇచ్ఛ కూడా ఉన్నప్పుడే ఆ మాటలకు అర్థం వస్తుంది. రెండు వందల ఏళ్ళ తరువాత డన్స్ స్కోటస్ అనే తత్త్వవేత్త దీన్నే విస్తరించి, మన మేలు వైపు లాగే మొగ్గును అదుపులో పెట్టగలిగే ఆ రెండో మొగ్గులోనే మనిషి స్వేచ్ఛ ఉందన్నాడు. ఈ కొలతతో చూస్తే, అమ్మ ఒడి తనకే కావాలని ఏడ్చే నాలుగేళ్ళ పిల్లవాడికి ‘స్వార్థపరుడు’ అన్న బిరుదు ఇంకా సరిపోదు. మొదటి ఇచ్ఛ వాడిలో నిండుగా ఉంది, రెండోది ఇప్పుడిప్పుడే మొలకెత్తుతోంది.

పారిస్‌లో పాఠాలు చెప్పిన పీటర్ అబెలార్డ్ (1079–1142) ఇంకో అడుగు ముందుకు వేశాడు. కుంటివాడు నడవకుండా కూర్చున్నప్పుడు కూడా కుంటివాడే, అలాగే ముక్కోపం గల మనిషి ప్రశాంతంగా ఉన్నప్పుడు కూడా ఆ గుణం అతనిలో ఉంటుంది. అయినా ఆ గుణం పాపం కాదు, దానికి మనసులో సమ్మతి ఇవ్వడమే పాపం అన్నాడు. పైగా లొంగదీసుకోవలసిన గుణమే లేకపోతే లొంగదీసుకున్న ఘనత ఎక్కడిదని కూడా అడిగాడు. నైతికశాస్త్రం మీద ఆయన రాసిన పుస్తకంలో ఒక పేద తల్లి ఉదాహరణ ఉంది. చాలినన్ని గుడ్డలు లేక చంటిబిడ్డ చలికి వణుకుతుంటే, ఆ తల్లి బిడ్డను తన పక్కలో పడుకోబెట్టుకొని తన గుడ్డలే కప్పుతుంది. తెల్లవారేసరికి ఆ బిడ్డ ఊపిరాడక చనిపోతుంది. ఆమెకు బిషప్పు పెద్ద ప్రాయశ్చిత్తమే విధిస్తాడు, కాని అది ఆమె దోషానికి కాదు, ఇకమీదట ఆమె, ఇతర తల్లులు జాగ్రత్తగా ఉండడానికి అంటాడు అబెలార్డ్. దోషమూ శిక్షా ఒకదానికొకటి సరితూగే తీరాలని లేదన్న ఈ గమనిక నన్ను ఎప్పుడూ కలవరపెడుతుంది, ఎందుకంటే పిల్లల్ని కొట్టే పెద్దలం మనం ఆ తేడాను నోరు తెరిచి చెప్పం. నువ్వు మళ్ళీ చెయ్యకుండా ఉండడానికి ఆపుతున్నాను అనవలసిన చోట నువ్వు చెడ్డవాడివి అంటాం.

ఇక థామస్ అక్వినాస్ (1225–1274) దగ్గరికి వస్తే, అగస్టీన్‌ను కాదనకుండానే ఆయన మొత్తం లెక్కను సవరించాడు. మనిషి స్వభావంలోని మంచిని ఆయన మూడుగా విడదీశాడు. బుద్ధి, ఇచ్ఛ వంటి శక్తులు మొదటిది, అవి ఏ పాపంతోనూ పోవు, తగ్గవు. సద్గుణం వైపు సహజంగా ఉండే మొగ్గు రెండోది, అది తగ్గుతుంది గాని బొత్తిగా నశించదు. మొదటి మానవుడికి కానుకగా దక్కిన సమతౌల్యం మూడోది, పోయింది అదొక్కటే. అందుకే జన్మపాపం ఆయన దృష్టిలో ప్రధానంగా ఒక అస్వస్థత, స్వభావానికి తగిలిన గాయం. గాయమున్న మనిషికీ విషంతో తయారైన మనిషికీ తేడా ఏమిటో ఏ వైద్యుణ్ణి అడిగినా చెబుతాడు. బాప్తిస్మం లేకుండా పోయిన పసికందులకు ఏ బాధా ఉండదని కూడా ఆయన రాశాడు. 2007లో వాటికన్ వేదాంత సంఘం విడుదల చేసిన పత్రం ఇంకా ముందుకు వెళ్ళి, ఆ పిల్లలకు ముక్తి ఉంటుందని ఆశించడానికి బలమైన కారణాలున్నాయంది. ఇంకొక మాట మీ ఇంటికి నేరుగా పనికొస్తుంది. యూదుల పిల్లలకు తల్లిదండ్రుల ఇష్టానికి విరుద్ధంగా బాప్తిస్మం ఇవ్వకూడదని వాదిస్తూ అక్వినాస్, తల్లి కడుపులోంచి బయటపడిన బిడ్డ, స్వయంగా నిర్ణయించుకునే శక్తి వచ్చేదాకా తల్లిదండ్రుల సంరక్షణలో ఒక ఆధ్యాత్మిక గర్భంలో ఉన్నట్టే ఉంటుందంటాడు. మీ మనవడు ఇంకా ఆ రెండో గర్భంలోనే ఉన్నాడు.

ఈ మాటలకు నేటికీ విలువ ఉందా అని అడిగారు. కోర్టులో అడుగుపెట్టిన ప్రతి తెలుగు వకీలుకూ ‘మెన్స్ రియా’ అన్న మాట తెలుసు, మనసులో దోషం లేనిదే నేరం లేదని దాని సారాంశం. ఆ మాట వంశవృక్షం అగస్టీన్ దగ్గరికే వెళుతుంది. అబద్ధపు ప్రమాణాల గురించి చేసిన ఒక ప్రసంగంలో, మనసు దోషి అయితే తప్ప నాలుక దోషి కాదని ఆయన అన్నాడు. పన్నెండో శతాబ్దపు మొదట్లో ఇంగ్లండులో కూర్చిన న్యాయ సంకలనంలోకి ఆ వాక్యం చేరి, అక్కడినుంచి ఇంగ్లీషు న్యాయంలోకి, దాని వెంట మన దేశానికి వచ్చింది. ఏడేళ్ళ లోపు బిడ్డ చేసిన ఏ పనీ నేరం కాదని, ఏడు నుంచి పన్నెండేళ్ళ లోపు వాళ్ళ విషయంలో వాళ్ళ వివేకం ఎంత పరిపక్వమైందో చూడాలని 1860 నాటి శిక్షాస్మృతి చెప్పింది. దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత తన 20, 21 సెక్షన్లలో అదే నిలుపుకుంది. ఏడేళ్ళన్న హద్దు రోమన్ న్యాయం నుంచి వచ్చి, మధ్యయుగపు చర్చి న్యాయంలో స్థిరపడినది. అల్లుడుగారు అగస్టీన్‌ను సాక్షిగా పిలిచారు గాని, ఆ సాక్షి క్రాస్ ఎగ్జామినేషన్‌లో మనవడి పక్షాన కూడా మాట్లాడతాడు.

ఇప్పుడు అమ్మాయి మాట. పిల్లలు స్వచ్ఛంగా పుడతారని, సమాజమే చెడగొడుతుందని చెప్పే మాటకు ఆధునిక యూరప్‌లో పెద్ద గొంతు తత్త్వవేత్త రూసోది. 1762లో పిల్లల పెంపకం మీద ఆయన రాసిన ‘ఎమిల్’ వెలువడినప్పుడు పారిస్ ఆర్చిబిషప్పు దాన్ని ఖండించగా, మనిషి హృదయంలో పుట్టుకతో వచ్చిన వక్రత ఏదీ లేదని రూసో జవాబు రాశాడు. అంటే అది కూడా అగస్టీన్‌కు ఎదురుగా నిలబడి చెప్పిన మాటే. (తన అయిదుగురు పిల్లలను అనాథ శరణాలయంలో వదిలేసిన తండ్రి ఈ మాట చెప్పడం వేరే సంగతి.) ఆ దారిలో ఇంకా వెనక్కి వెళ్ళాలనుకుంటే, 1185లో మరణించిన అందలూసియా (ముస్లిం పాలనలోని నాటి స్పెయిన్) వైద్యుడు ఇబ్న్ తుఫైల్ రాసిన హయ్య్ కథను అమ్మాయికి చెప్పండి. భూమధ్యరేఖ కింద, భారతదేశపు దీవుల్లో ఒకదాంట్లో, మనుషులెవరూ లేని చోట ఒక జింక పాలు తాగి పెరిగిన ఆ పిల్లవాడు, కేవలం చూసి, ఆలోచించి దేవుణ్ణి తెలుసుకునేదాకా వెళతాడు. గొప్ప కథే, 1671లో ఆక్స్‌ఫర్డులో లాటిన్ అనువాదం కూడా వచ్చింది. అయితే ఆ దీవిలో హయ్య్‌కు పాలు పంచుకోవలసిన చెల్లెలు లేదన్న సంగతి మరిచిపోకూడదు.

మనవాళ్ళు ఇలాంటి ప్రశ్నలు వేసుకోలేదని కూడా ఎవరూ అనుకోనక్కరలేదు. అక్వినాస్ శతాబ్దంలోనే మధ్వాచార్యులు జీవులు స్వభావం చేతనే ముక్తియోగ్యులు, నిత్యసంసారులు, తమోయోగ్యులు అని మూడు తెగలని బోధించారు. ఆయన శిష్యుడు నరహరి తీర్థులు కళింగంలో ఉన్నప్పుడు వేయించిన 1281 నాటి శాసనం మన శ్రీకూర్మం ఆలయంలో ఉంది. ‘పుర్రెతో పుట్టిన బుద్ధి పుడకలతో గాని పోదు’ అని మనం అంటూనే, ‘పసిపిల్లలు దేవుడితో సమానం’ అని కూడా అంటాం. ఒకే ఇంట్లో ఈ రెండు సామెతలూ బతుకుతున్నప్పుడు మీ అమ్మాయికీ అల్లుడికీ పొత్తు కుదరకపోవడంలో వింత లేదు.

చెయ్యవలసిన పనులకు వస్తాను. చెయ్యి చేసుకోవడం వెంటనే ఆగాలి, ఇందులో తత్త్వ చర్చ అక్కరలేదు. ఆ మాట అమ్మాయి చెబితే వాదనలో భాగమైపోతుంది, మీరు చెబితే పెద్దరికం అవుతుంది కాబట్టి అల్లుడుగారిని విడిగా కూర్చోబెట్టుకొని మీరే చెప్పండి. అమ్మాయితో మాత్రం, వాడి అసూయను లేదని దాచవద్దని చెప్పండి. ‘మా వాడికి చెల్లెలంటే ప్రాణం’ అని చుట్టాల ముందు వాడి ఎదుటే అంటుంటే, లోపల ఉన్నదాన్ని దాచుకోవడమే వాడు నేర్చుకుంటాడు. ఎవరూ చూడనప్పుడు గిల్లడం అక్కడినుంచే మొదలవుతుంది. కోపం వచ్చిందా నాన్నా, వస్తుంది, అమ్మ ఇప్పుడు నీకు తక్కువగా దొరుకుతోంది కదా, కోపం రావచ్చు గాని గిల్లకూడదు అని చెప్పండి. అబెలార్డ్ చెప్పిన గుణానికీ సమ్మతికీ మధ్య తేడా నాలుగేళ్ళ బిడ్డకు ఈ భాషలో అర్థమవుతుంది. ఇద్దరినీ ఒంటరిగా ఒకే గదిలో వదలకండి, అది వాడి మీద అనుమానంతో కాదు, చంటిదాని భద్రత కోసం. పాపకు నీళ్ళు పోసేటప్పుడు తువ్వాలు పట్టుకునే పని వాడికి ఇవ్వండి. రోజూ ఒక పూట అమ్మ ఒడి పూర్తిగా వాడిదిగా ఉండేలా, ఆ సేపు చంటిదాన్ని మీరు తీసుకోండి. కొన్ని నెలలు గడిచినా గిల్లడం తగ్గకపోయినా, వాడు తిండి, నిద్ర మానేసి మూలకు చేరుతున్నా, పిల్లల డాక్టరును కలవడానికి మొహమాటపడవద్దు.

ఇక అల్లుడుగారిని ఆయన చదువుతోనే ఆపవచ్చు. ఆయన చెప్పే ఆ పాల అసూయ ‘కన్ఫెషన్స్’ మొదటి భాగం ఏడో అధ్యాయంలో ఉంది. తొమ్మిదో అధ్యాయంలో అగస్టీన్ తన బడి రోజులు తలచుకుంటాడు. చదువులో వెనకబడితే కొట్టేవారని, బడిలో దెబ్బలు తప్పించమని చిన్న నోటితో పెద్ద ప్రార్థన చేసేవాడినని, తన చెడు కోరని అమ్మానాన్నలు కూడా ఒంటిమీది వాతలు చూసి నవ్వేవారని, ఆ రోజుల్లో తనకు అంతకన్నా పెద్ద కష్టం లేదని రాస్తాడు. అప్పటికి ఆయన బిషప్పు, మధ్యవయసు దాటుతున్న మనిషి, ఆ నవ్వు ఇంకా మరిచిపోలేదు. ఏడో అధ్యాయం దగ్గర ఆగిపోకుండా ఇంకో నాలుగు పేజీలు చదవమని, వీలైతే ఒక సాయంత్రం అందరూ ఉన్నప్పుడు పైకి చదివి వినిపించమని అడగండి.